పోరంబోకు బంతి

మంత్రిగారు ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉంటే మా కాకినాడలో టెన్నిస్ ఇంకా మనుషులు ఆడే ఆటగానే మిగిలిపోయేది. పాపం, ఆయన తప్పేం లేదు. ఆయన నవ్వుతూనే అడిగారు. నవ్వుతూ అడిగినదాన్ని కూడా ఉత్తర్వుగా తీసుకునే అధికారి పక్క కుర్చీలో ఉండడం వల్ల ఇదంతా జరిగింది.

ఆ ఏడాది పోర్టు రోడ్డులో కొత్త ఇండోర్ స్టేడియం కట్టి, అందులో ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నమెంటు పెట్టారు. పురుషుల డబుల్స్ ఒక్కటే. పదహారు జోడీలు వచ్చాయి. గెలిచిన జోడీకి మరుసటి ఏడు జాతీయ లీగులో చోటు. నేను చైర్ అంపైర్ని. అంటే కోర్టు పక్కన నిచ్చెన లాంటి ఎత్తు కుర్చీలో కూర్చుని స్కోరు చెప్పేవాణ్ణి. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక నాకు మిగిలిన సరదా ఇదొక్కటే. ఎత్తున కూర్చుంటాను కాబట్టి జరిగిందంతా నాకు బాగానే కనబడింది.

మా ఊరి జోడీ కర్రి నీలకంఠం, పినిపే సైలాస్. నీలకంఠం నలభైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కుడి భుజం రెండేళ్ళుగా పీకుతోంది. డాక్టరు ఇక చాలన్నాడు. ఈ ఒక్క టోర్నమెంటూ గెలిస్తే లీగులో ఒక సీజను ఆడి, తర్వాత మానేస్తానని ఇంట్లో ఒప్పించి వచ్చాడు. సైలాస్ అతని కంటే బాగా చిన్నవాడు. కొబ్బరిచెట్టంత పొడుగు, కాళ్ళూ చేతులే మనిషంతా. పన్నెండేళ్ళుగా ఇద్దరూ కలిసే ఆడుతున్నారు. కోర్టులో పెద్దగా మాట్లాడుకోరు. నీలకంఠం ఒక అడుగు ముందుకు వేస్తే సైలాస్ ఎటు జరగాలో సైలాస్ కాళ్ళకే తెలుసు.

డబుల్స్ అంటే ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. ఇద్దరి మధ్యకి బంతి వస్తే ఎవరు కొట్టాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఎవరికి అందితే వాళ్ళు కొడతారు. ఆట పుట్టినప్పటి నుంచీ ఇంతే, ఎవరికీ ఇబ్బంది రాలేదు.

మొదటి రౌండు చూడ్డానికి మంత్రిగారు వచ్చారు. మొదటి సెట్టు చివర్లో అవతలివాళ్ళు కొట్టిన బంతి సరిగ్గా మా వాళ్ళిద్దరి మధ్య నుంచి వచ్చింది. నీలకంఠం సైలాస్ కొడతాడనుకున్నాడు. సైలాస్ నీలకంఠం కొడతాడనుకున్నాడు. ఇద్దరూ మర్యాదగా దారి ఇచ్చారు. బంతి వెళ్ళి, వెనక తెరకి తగిలి, దొర్లుకుంటూ మంత్రిగారి బూట్ల దగ్గర ఆగింది.

మంత్రిగారు దాన్ని చూసి నవ్వి, "ఇంతకీ ఈ బంతి ఎవరిదండీ?" అన్నారు.

పక్కనే కూర్చున్న ఇండోర్ క్రీడల ప్రాధికార సంస్థ ఎండీ గారు దిగ్గున లేచి నిలబడ్డారు. "విచారించి నివేదిక సమర్పిస్తామండి," అన్నారు.

మంత్రిగారు జీడిపప్పు నోట్లో వేసుకుని ఆ సంగతి అక్కడికక్కడే మర్చిపోయారు. తర్వాత రెండు సెట్లూ మా వాళ్ళు గెలిచారు, మ్యాచ్ కూడా గెలిచారు. ఆ సంగతి ఎండీ గారు గమనించలేదు.

ఎండీ గారి పేరు వక్కలంక విశ్వపతి. అంతకు ముందు సర్వీసంతా భూముల సర్వేలోనే చేశారు. రిటైరవ్వడానికి కాస్త ముందు క్రీడల వైపు పంపారు. క్రీడలంటే ఆయనకి ద్వేషం ఏమీ లేదు. పరిచయం లేదు, అంతే.

మర్నాడు పొద్దున్నే స్టేడియం ఆఫీసులో విచారణ పెట్టారు. సాక్షిగా నన్నూ పిలిచారు. బంతిని ఒక పళ్ళెంలో పెట్టి బల్ల మీద ఉంచారు.

"సదరు బంతి మీ ఇరువురి మధ్య నుంచి నిష్క్రమించినట్టు దాఖలా ఉంది. ఆ బంతి బాధ్యత మీలో ఎవరిది?" అన్నారు ఎండీ గారు.

"నాదేనండి," అన్నాడు నీలకంఠం.

"కాదండీ, నాదండి," అన్నాడు సైలాస్. "అన్నకి ఎడమ వైపు తిరిగితే భుజం లాగేస్తదండి. ఆ సంగతి నాకు తెలుసు కదండీ. నేనే కొట్టాలి. ఆయ్."

"ఊరుకోరా. నేను ముందు కదిలి ఆగిపోయానండి. నేను కదలబట్టే వాడు ఆగాడు. తప్పు నాది."

ఎండీ గారు కళ్ళజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "నా సర్వీసులో ‘ఆ భూమి నాది’ అని ఇద్దరు తగువులాడుకోవడం రోజూ చూశాను. ‘ఆ తప్పు నాది’ అని ఇద్దరు తగువులాడుకోవడం ఇదే మొదటిసారి. ఇందులో ఏదో కుమ్మక్కు ఉంది."

"కుమ్మక్కేం లేదండీ," అన్నాడు నీలకంఠం. "ఒక్కోసారి అలా పోద్దండి. ఆటన్నాక మామూలే. తర్వాత మ్యాచ్ గెలిచాం కదండీ."

"గెలుపు వేరే ఫైలు. దాంతో దీన్ని కలపకండి."

ఆయన లేచి కిటికీలోంచి ఖాళీ కోర్టుని చాలాసేపు చూశారు. నాకిప్పటికీ ఆ చూపు గుర్తుంది. ఒక మనిషికి తెలిసిన పని ఎదురుపడ్డప్పటి చూపు అది.

"హద్దులేవీ?" అన్నారు.

"ఉన్నాయి కదండీ, చుట్టూ తెల్ల గీతలు," అన్నాను నేను.

"అవి బయటి హద్దులు. లోపల ఇద్దరు మనుషులున్నారు. వాళ్ళ మధ్య విభజన ఏదీ? ఉమ్మడిగా వదిలేసిన ఏ భూమిలోనైనా తగాదా రాక మానదు. ఇన్నాళ్ళూ ఈ ఆట ఎలా నడిచిందో నాకు అర్థం కావడం లేదు."

మధ్యాహ్నానికల్లా సర్వే గొలుసులు వచ్చాయి. ఒక బృందం కుడి వైపు నుంచి, ఇంకో బృందం ఎడమ వైపు నుంచి కొలుచుకుంటూ వచ్చారు. మధ్యలో కలిసే చోట రెండు గీతలకీ పొసగలేదు. ఇటు కొలతకీ అటు కొలతకీ మధ్య మూరెడు పట్టీ మిగిలిపోయింది. మళ్ళీ కొలవమన్నారు. కొలిస్తే ఇంకో బెత్తెడు పెరిగింది. ఇంకోసారి కొలిస్తే ఎంతవుతుందోనని అక్కడితో ఆపేసి, మిగిలిన పట్టీకి పసుపు రంగు వేశారు. సాయంత్రానికి ఉత్తర్వు గోడ మీదకి ఎక్కింది. నీలకంఠం వంతుకి చతుస్సరిహద్దులు: తూర్పున పక్క గీత, ఉత్తరాన నెట్టు, దక్షిణాన వెనక గీత, పడమర ప్రభుత్వ పోరంబోకు. సైలాస్ వంతుకీ ఇలాగే, తూర్పు పడమరలు మాత్రం తారుమారు. అన్ని జోడీలకీ ఇదే వర్తిస్తుందన్నారు. ఒకరి హద్దులోకి ఇంకొకరు కాలు పెడితే ఆక్రమణ, పాయింటు పోతుంది. ఆ పసుపు పట్టీని చూసుకోవడానికి మధ్య బంతుల ప్రత్యేకాధికారి అని ఒక పోస్టు పుట్టింది. పడాల భద్రరావు గారిని అందులో వేశారు. ఆయనకి ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఈల, టేపు ఇచ్చారు.

క్వార్టర్ ఫైనల్లో మొదటి బంతే పసుపు పట్టీ మీద పడింది. భద్రరావు గారు ఈల ఊదారు. పరుగెత్తుకుంటూ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, టేపు వేసి, బంతి పడ్డ మచ్చని ముట్టుకుని చూశారు.

"పోరంబోకు," అని ప్రకటించారు.

"అయితే పాయింటు ఎవరికండీ?" అన్నాను కుర్చీలోంచి.

భద్రరావు గారు ముందు వరసలో ఉన్న ఎండీ గారి వంక చూశారు. ఎండీ గారు నన్నే ఎదురు ప్రశ్న అడిగారు. "ఎవరిదీ కాని భూమి ఎవరికి దఖలు పడుతుందయ్యా?"

"ప్రభుత్వానికండి."

"అందులో పడ్డ బంతి?"

"ప్రభుత్వానికేనండి."

"మరి నన్నెందుకు అడుగుతావు?"

నేను మైకు దగ్గరికి వంగి చెప్పాను. "మొదటి జోడీ సున్నా. రెండో జోడీ సున్నా. ప్రభుత్వం పదిహేను."

జనం చప్పట్లు కొట్టారు. ఏదో సరదా కార్యక్రమం అనుకున్నారు. ప్రభుత్వం ఒక గేమ్ గెలిచేసరికి చప్పట్లు ఆగిపోయాయి. రెండో గేమ్ కూడా గెలిచేసరికి వెనక వరసల్లో వాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు.

బంతి పట్టీ మీద పడకుండా దాని మీదుగా ఎగిరి వెళ్ళినప్పుడు ఏం చేయాలని సైలాస్ అడిగాడు.

"భూమి ఎవరిదో, దాని పైన గాలి కూడా వాళ్ళదే," అన్నారు భద్రరావు గారు. ఈల మళ్ళీ ఊదారు.

సైలాస్‌కి ఆ రోజు నరకం కనపడింది. వాడి కాళ్ళు పొడుగు. ఒక్క అంగ వేస్తే పట్టీ దాటి నీలకంఠం వంతులో ఉంటాడు. దాటినప్పుడల్లా ఈల, ఆక్రమణ, పాయింటు గోవిందా. ఆఖరికి ఎలా నేర్చుకున్నాడో నేర్చుకున్నాడు, గీత దగ్గరికి రాగానే కాలు దానంతట అదే ఆగిపోవడం మొదలైంది. ఇద్దరూ పక్క గీతల వెంబడి, పొలం గట్ల మీద నడిచినట్టు ఆడి, ఎలాగో గట్టెక్కారు.

సెమీ ఫైనల్ నేను మర్చిపోలేను. రెండో సెట్టులో ఒక బంతి కోసం నీలకంఠం వెనక్కి పరుగెత్తి, జారి, భుజం మీద పడ్డాడు. అయినా బంతిని ఎలాగో అవతలికి తోశాడు. అవతలివాళ్ళు నెమ్మదిగా తిరిగి కొట్టారు. బంతి నీలకంఠం వంతులోనే, పట్టీ పక్కనే పడింది. సైలాస్ అక్కడే ఉన్నాడు. చెయ్యి చాపితే చాలు. చంటిపిల్లాడైనా కొట్టే బంతి.

సైలాస్ చెయ్యి చాపలేదు. కాలి వేళ్ళు గీతకి ఆనించి, బంతినీ, కింద పడ్డ నీలకంఠాన్నీ చూస్తూ నిలబడ్డాడు. బంతి రెండోసారి ఎగిరి ఆగింది. ఎండీ గారు ముందు వరసలోంచి, "శభాష్! అదీ క్రమశిక్షణ!" అని గట్టిగా అన్నారు.

ఆ సెట్టు పోయింది. మూడో సెట్టు మా వాళ్ళకే వచ్చింది. వీళ్ళు బాగా ఆడి కాదు. అవతలి జోడీలో ఒకడు రెండోవాడి మీద హద్దు తగాదా పెట్టాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

స్కోరు కాయితం మీద సంతకాల కోసం నేను బట్టలు మార్చుకునే గదికి వెళ్ళాను. నీలకంఠం భుజం మీద ఐసు ముక్కలు మూటకట్టి పెట్టుకున్నాడు. సైలాస్ ఎదురు బల్ల మీద కూర్చుని బూటు లేసులు విప్పుతున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. కోర్టులో మాట్లాడుకోకపోవడం వేరు. ఇది అది కాదు.

"ఒరేయ్ సైలాసూ," అన్నాడు నీలకంఠం. "చెయ్యి చాపితే అందేదే కదరా."

"అందేదే అన్నా."

"మరి?"

"గీత కనపడింది."

సైలాస్ విప్పిన లేసుని మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నాడో వాడికే తెలీదు.

"బంతి సంగతి వదిలెయ్ అన్నా. నువ్వు పడిపోయావు. లేపుదామని కదిలాను. కదిలి, ఆగాను. లేపడానికి వస్తే అది ఆక్రమణ కిందకి వస్తదా రాదా అని ఆలోచించాను." లేసు వదిలేశాడు. "నువ్వు కింద పడి ఉంటే నేను అది ఆలోచించాను చూడన్నా."

నీలకంఠం ఐసు మూట పక్కన పెట్టాడు.

"నేను పడ్డప్పుడు నా చెయ్యి పట్టీ మీద పడిందిరా," అన్నాడు. "భుజం నొప్పి తర్వాత తెలిసింది. ముందు చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎవరైనా చూశారేమోనని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను సంతకాల మాట ఎత్తకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

అంతలో తలుపు తోసుకుని భద్రరావు గారు వచ్చారు. మనిషి వెలిగిపోతున్నారు. "రెండో సెమీ ఫైనల్ ఫలితం వచ్చిందండి!" అన్నారు.

"ఒంగోలు కవలలు గెలిచారాండీ?" అన్నాడు సైలాస్. ఆ కవలలు మంచి ఆటగాళ్ళు. వీళ్ళకి ఈ టోర్నమెంటులో అసలు భయం వాళ్ళంటేనే.

"లేదండి."

"అయితే హైదరాబాదు జోడీయా?"

"వాళ్ళూ కాదండి. ప్రభుత్వం గెలిచిందండి. వరస సెట్లలో! రెండు జోడీలూ తెగ మధ్యలోకే కొట్టారు. ఫైనల్లో మీరూ, ప్రభుత్వమూ." చెయ్యి చాపి ఇద్దరికీ శుభాకాంక్షలు చెప్పి, అదే ఊపులో వెళ్ళిపోయారు.

ఫైనల్ రోజు ప్రభుత్వం తరఫున ఎవరు ఆడాలన్న ప్రశ్న వచ్చింది. స్థాయి రీత్యా ఎండీ గారు, సబ్జెక్టు రీత్యా భద్రరావు గారు అని తేల్చారు. ఎండీ గారు సఫారీ సూటు మీదే కాన్వాసు బూట్లు తొడుక్కుని వచ్చారు. భద్రరావు గారు ఈల మెడలో వేసుకుని, రాకెట్‌ని విసనకర్రలా పట్టుకున్నారు.

ఆట మొదలయ్యే ముందు ఎండీ గారు నా కుర్చీ దగ్గరికి వచ్చి ఒక వివరణ ఇచ్చారు.

"నెట్టుకి అవతల మొత్తం ప్రభుత్వం ఉంది కాబట్టి, అవతలి భాగం యావత్తూ ప్రభుత్వ భూమిగా పరిగణించబడుతుంది."

"అంటే వీళ్ళు బంతి అటు కొడితే?"

"అనుమతి లేని ప్రవేశం. ఆక్రమణ. పాయింటు ప్రభుత్వానికి."

"కొట్టకపోతేనండీ?"

"ఆటకి సహకరించకపోవడం. పాయింటు ప్రభుత్వానికి."

"మరి వాళ్ళు గెలవడానికి దారేదండీ?"

ఎండీ గారు నన్ను జాలిగా చూశారు. "గెలుపు మార్గాలు అన్వేషించుకోవలసింది క్రీడాకారులు. ప్రభుత్వం అన్నీ చేసి పెట్టదు."

నేను కుర్చీ దిగి ఈ సంగతి మా వాళ్ళిద్దరికీ చెప్పాను. నీలకంఠం విని, తల ఊపి, "సరేనండి," అన్నాడు. సైలాస్ పకపకా నవ్వాడు. నవ్వుతూ వెళ్ళి పసుపు పట్టీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేసులు బిగించుకున్నాడు. నీలకంఠం కూడా వెళ్ళి వాడి పక్కనే కూర్చున్నాడు.

"ఎలా ఆడదామన్నా?"

"ఎలా ఆడేవాళ్ళం?"

"మామూలుగా."

"అలాగే ఆడదాం."

భద్రరావు గారు ఈల నోట్లో పెట్టుకున్నారు గానీ, ఆయన ఇప్పుడు ప్రత్యర్థి. ప్రత్యర్థి ఈల ఊదవచ్చా లేదా అన్న అనుమానం వచ్చి ఆగిపోయారు.

మొదటి సర్వీసు ప్రభుత్వానిదే. ఎండీ గారు బంతి పైకి ఎగరేసి రాకెట్ ఊపారు. బంతి ఒక దారిన, రాకెట్ ఒక దారిన పోయాయి. రెండోసారి బంతి తగిలింది, వెళ్ళి ముందు నిలబడ్డ భద్రరావు గారి వీపు మీద పడింది.

"డబుల్ ఫాల్ట్," అన్నాను.

"ప్రభుత్వం వల్ల ఫాల్ట్ జరిగినట్టు విచారణ లేకుండా ఎలా ప్రకటిస్తావు? ‘పెండింగు’ అని చెప్పు."

"పెండింగు," అన్నాను మైకులో.

పెండింగులు చాలా పోగయ్యాక, ఎలా తగిలిందో తగిలి, ఒక బంతి నెట్టు దాటి ఇవతల పడింది. నీలకంఠం దాన్ని నెమ్మదిగా, పువ్వు అందించినట్టు, వాళ్ళిద్దరి మధ్యకి తిప్పి కొట్టాడు. బంతి పసుపు పట్టీ మీద ఎగిరింది. అధికారులిద్దరూ దాన్ని సాదరంగా చూశారు. అది ఇంకోసారి ఎగిరి, దొర్లుకుంటూ వెళ్ళిపోయింది.

"భద్రరావు గారూ, మధ్య బంతి మీ సబ్జెక్టు కదండీ," అన్నారు ఎండీ గారు.

"నా సబ్జెక్టేనండి. కానీ గుర్తించి, కొలిచి, రిపోర్టు చేయమని ఉంది గానీ కొట్టమని ఉత్తర్వుల్లో లేదండి. కొట్టడం పైస్థాయి నిర్ణయమండి."

"నాది ఆమోదించే స్థాయి. మీరు కొడితే నేను ఆమోదిస్తాను."

"మీరు ఆమోదిస్తే నేను కొడతానండి."

"జరిగిన దానికి బాధ్యత మాత్రం మీదే."

"అలా అనకండి సార్, నాకింకా సర్వీసుంది."

స్టేడియం ఘొల్లుమంది. ఆ నవ్వులో ఆక్రమణ అన్న నా మాట ఎవరికీ వినపడలేదు.

ఆ తర్వాత మా వాళ్ళు ఆడిన ఆట ఎలా చెప్పాలో నాకు తెలీదు. అవతల ఎదురు కొట్టేవాళ్ళు లేరు. అయినా ప్రతి బంతికీ ఇద్దరూ కదిలారు. నీలకంఠం ముందుకి వంగాడు, సైలాస్ వెనక నుంచి పట్టీ మీదుగా ఒక్క అంగలో ఇటు వచ్చాడు, నీలకంఠం అటు జారాడు. గీతల్ని తొక్కుకుంటూ, చెరిపేస్తూ, పన్నెండేళ్ళ ఆటంతా ఆడేశారు. వెనక వరసలు కూడా లేచి నిలబడ్డాయి. నేను ఒక్కో పాయింటుకీ "ఆక్రమణ" అంటూ పోయాను. ఆరు సున్నా, ఆరు సున్నా. ప్రభుత్వం విజేత. ప్రకటించింది నేనే. నా పని అదే కదా.

బహుమతి ఇవ్వడానికి మంత్రిగారు రాలేకపోయారు. ఆయన బదులు కప్పు అందించే అధికారం ఎండీ గారికి అప్పజెప్పారు. ఆయన ఎండీ హోదాలో కప్పు ఇచ్చి, విజేత హోదాలో పుచ్చుకున్నారు. ఫొటో కోసం ఇంకోసారి ఇచ్చి, ఇంకోసారి పుచ్చుకున్నారు.

"టెన్నిస్ క్రీడలో చిరకాలంగా వేధిస్తున్న మధ్య బంతి సమస్యకి శాశ్వత పరిష్కారం కనుగొనడమైనది," అన్నారు మైకులో. "ఆటగాళ్ళపై ఆధారపడే దుస్థితిని గణనీయంగా తగ్గించగలిగాం. వచ్చే ఏడాదికి పూర్తిగా తొలగిస్తాం."

జాతీయ లీగులో చోటు కూడా ప్రభుత్వానికే దక్కింది. అక్కడికి ఎవరు వెళ్ళాలో తేల్చడానికి కమిటీ వేశారు. మా వాళ్ళిద్దరికీ పదే పదే ఆక్రమణలకి పాల్పడినందుకు ఆ స్టేడియంలో అడుగు పెట్టకుండా నిషేధం విధించారు.

నీలకంఠం, సైలాస్ సంచులు భుజాన వేసుకుని గేటు దాటారు. నేను కూడా వాళ్ళతోనే బయటికి వచ్చాను. కుర్చీ మళ్ళీ ఎక్కాలనిపించలేదు. గేటు బయట టీ బండి దగ్గర ఒంగోలు కవలలు నిలబడి ఉన్నారు. వాళ్ళు ఊరికి పోకుండా ఫైనల్ చూడ్డానికి ఆగారట.

"అన్నా," అన్నాడు కవలల్లో ఒకడు నీలకంఠంతో. "మనం ఆడనే లేదు కదన్నా."

"ఎక్కడ ఆడతాం? లోపలికి రానివ్వరు."

సైలాస్ టీ గ్లాసు పట్టుకుని ఆలోచించాడు. వాళ్ళ చిన్నాన్న సర్పవరం జంక్షన్ దగ్గర ఫంక్షన్ హాల్లో మేనేజరు. మూఢం నడుస్తోంది, పెళ్ళిళ్ళు లేవు, హాలు ఖాళీ. ఫోను చేశాడు. "నేల పాడు చెయ్యకండ్రా," అన్నాడట చిన్నాన్న. అంతే.

కుర్చీలన్నీ గోడవార పేర్చాం. వాలీబాల్ నెట్టు ఒకటి తెచ్చి కిందకి దించి స్తంభాలకి కట్టాం. చుట్టూ గీతలు ముగ్గుపిండితో నేనే వేశాను. మధ్యలో పొడుగునా ఏ గీతా వెయ్యలేదు. నాకు ఎత్తు కుర్చీ లేదు కాబట్టి స్టేజీ మీద పెళ్ళికొడుకు సింహాసనంలో కూర్చోబెట్టారు. సంగతి ఎలా పాకిందో, స్టేడియంలో నవ్విన వాళ్ళు సగం మంది వచ్చేశారు. కింద చోటు చాలక కొందరు భోజనాల హాలు కిటికీల్లోంచి చూశారు.

ఆట చాలాసేపు సాగింది. బంతులు షాండిలియర్లో చిక్కుకున్నాయి, పూల తోరణాల ఇనప చట్రానికి తగిలి ఎటో పోయాయి. నాకు తోచినట్టు స్కోరు చెప్పాను, నలుగురూ ఒప్పుకున్నారు. మొదటి సెట్టు మా వాళ్ళు, రెండోది కవలలు. మూడో సెట్టులో నీలకంఠం భుజం పైకి లేవడం మానేసింది. సర్వీసు కింద నుంచి చెయ్యి ఊపి చేశాడు. వాడి మీద పడాల్సిన బంతులన్నిటికీ సైలాస్ పరుగెత్తాడు. చెమటలో ముగ్గుపిండి అంటుకుని ఇద్దరూ బూడిద రాసుకున్న సాధువుల్లా తయారయ్యారు. కవలలు ఏమీ తగ్గించి ఆడలేదు. పెద్దవాడని నీలకంఠం మీద జాలి పడలేదు. బాగా ఆడారు, గెలిచారు.

జనం చప్పట్లు ఎంతకీ ఆపలేదు. కవలలు వచ్చి నీలకంఠం కాళ్ళకి దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపి, కౌగిలించుకున్నాడు. తర్వాత స్టేజీ మెట్ల మీద కూలబడ్డాడు. సైలాస్ వాడి పక్కనే కూర్చుని, అడక్కుండానే వాడి బూట్లు విప్పుతున్నాడు.

నేను సింహాసనం దిగి వెళ్ళాను. లీగు పోయింది, ఇదే వాడి చివరాఖరి ఆట అని నాకు తెలుసు. "బాధపడకు నీలకంఠం," అన్నాను.

తలెత్తి చూశాడు. మొహం నిండా ముగ్గుపిండి, దాని మీద చెమట చారలు. నవ్వుతున్నాడు.

"బాధెందుకండీ? ఇవాళ మనుషుల చేతిలో ఓడిపోయాం కదండీ."